సమాధి నడిచిన మధ్యాహ్నం

2024 మార్చి నెల. దర్శికి పడమటగా ఉన్న ఒక ఊళ్లో మిరప చివరి కోతలు నడుస్తున్నాయి. కల్లాల్లో కాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఊరంతా ఘాటు. కొత్తగా వచ్చినవాళ్లు తుమ్ముతూ మాట్లాడాలి. నన్ను అక్కడికి పిలిచింది ఒక సరిహద్దు తగాదా కోసం.

నేను సర్వే శాఖలో 1980లో చేరి, ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత కూడా రెండు పక్షాలూ ఒప్పుకుని పిలిస్తేనే వెళతాను. ఒక్కరే పిలిస్తే వెళ్లను. పొలం కొలిచేటప్పుడు ఇరుగుపొరుగు ఇద్దరూ దగ్గర నిలబడి చూడాలనేది మా వైపు పాత పద్ధతి. కాగితం మీద సంతకం కంటే ఆ చూడటానికే విలువ ఎక్కువ. ఈ తగాదాకి మూలం కూడా ఆ పద్ధతే.

ముందు రవి ఫోన్ చేశాడు. అతను ప్రైవేటు సర్వేయరు, ముప్పై అయిదేళ్లుంటాయి. అద్దెకు రోవర్ తెచ్చి పొలాలు కొలుస్తాడు. రోవర్ అంటే నిలువు కర్ర చివర బిగించిన పుట్టగొడుగు ఆకారపు పరికరం. ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలు పట్టుకుని, తానెక్కడ నిలబడిందో బొటనవేలి వెడల్పు తేడాతో చెబుతుంది. లెక్క కుదిరితే తెర మీద ‘ఫిక్స్’ అని పడుతుంది, కుదరకపోతే ‘ఫ్లోట్’ అని పడుతుంది.

“మేడమ్, ఒకటే గీత రెండుసార్లు కొలిచాను. రెండుసార్లూ ఫిక్సే. రెండుచోట్ల వచ్చింది. నేను డబ్బు తిన్నానంటున్నారు,” అన్నాడు.

“ఎంత తేడా?”

“రెండడుగుల పైన.”

“నువ్వు తిన్నావా?”

“పప్పుచారు తాగాను మేడమ్. అంతే.”

రెండు పక్షాల వాళ్లూ ఫోన్‌లో సరేనన్నాక నేను అద్దంకి నుంచి బస్సెక్కాను.

గీతకి ఇటు పక్క సువార్తమ్మది ఎకరన్నర. అటు పక్క సుబ్బారావుది పదకొండెకరాలు. ఆమె పొలాన్ని చాలా ఏళ్లు అతనే కౌలుకి చేశాడు. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని మధ్య గట్టు దున్నేశాడు. అప్పట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. ఈ ఏడు ఆమె కౌలు మాన్పించి తనే పత్తి వేసుకుంది. గట్టు లేదు కాబట్టి సుబ్బారావు మిరప చివరి సాళ్లు గీత ఉండాల్సిన చోట మీదికే లేచాయి. అడవి పందులు చేలో పడుతున్నాయని అతను కంచె వేయించ తలపెట్టాడు. సిమెంటు స్తంభాలు దించి దారి పక్కన పేర్చి ఉన్నాయి. గుంటలు తీసే మిషను శుక్రవారం వస్తుంది. నేను దిగింది మంగళవారం.

గొడవ రెండడుగుల నేల గురించి కాదు. గీత దగ్గర సువార్తమ్మ భర్త ఏసోబు సమాధి ఉంది. ఏసోబు చీమకుర్తిలో రాళ్లు కోసే యూనిట్‌లో పనిచేసి, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. అంచు విరిగిన ఒక నల్లరాతి పలకని, యజమాని వద్దన్నదాన్ని, బతికుండగానే ఇంటికి తెచ్చుకుని నునుపు చేసి పెట్టుకున్నాడట. ఇప్పుడు ఆ పలకే అతని మీద ఉంది. మధ్యలో శిలువ, కింద పేరు. శిలువ అతను చెక్కిందే. పేరు తర్వాత ఎవరో చెక్కారు, అక్షరాలు కొంచెం వంకర.

రవి పొద్దున కొలిచినప్పుడు సమాధి మొత్తం సువార్తమ్మ వైపు, గీతకి అడుగు పైన దూరంలో పడింది. కానీ ఆ పొద్దున సుబ్బారావు గుంటూరు యార్డుకి కాయ తోలుకుపోయాడు. తాను లేకుండా కొలిచింది చెల్లదన్నాడు. కోతల రోజుల్లో ఇద్దరికీ కుదిరే వేళ ఒక్కటే, ఎండ దిగి కల్లం మూసే వేళ. అందుకని నాలుగు రోజుల తర్వాత సాయంత్రం మళ్లీ కొలిపించారు. ఈసారి గీత సమాధి పలక మధ్యలోంచి పోయింది. ఆ మధ్యాహ్నం రవి సుబ్బారావు ఇంట్లో భోంచేశాడు. ఊరికి ఇంకేం కావాలి?

నేను వెళ్లేసరికి ఇద్దరూ సమాధి దగ్గరే ఉన్నారు.

“నేనేమన్నా సమాధి తవ్వమన్నానా మేడమ్?” అన్నాడు సుబ్బారావు. పెద్ద గొంతు. “మిషను యాడ గీత చూపిస్తే ఆడ స్తంభం పాతుకుంటానన్నా. దానికే నన్ను రాక్షసుణ్ణి చేస్తన్నారు ఊళ్లో.”

“మీ స్తంభం ఆయన గుండె మీద పడుద్దండీ,” అంది సువార్తమ్మ. ఆమె గొంతు పెంచలేదు. “అక్కణ్ణుంచి జరపాలంటే తియ్యాలి. మనిషిని రెండోసారి పూడ్చమంటారా నన్ను?”

“నేనడగట్లా. కొలత అడుగుతంది.”

“పప్పుచారు తాగిన కొలత.”

“ఏమ్మే సువార్తమ్మా, నువ్వు నా చేలో పద్నాలుగేళ్లు కోతకొచ్చావు. పప్పుచారు పోసి నీ దగ్గర ఎప్పుడన్నా కాయ ఎక్కువ కోయించుకున్నానా?”

“పప్పుచారే పొయ్యలేదు గదండీ.”

రవి తల దించుకున్నాడు గానీ నాకు నవ్వొచ్చింది. ఇద్దరూ అబద్ధం ఆడటం లేదని మాత్రం నాకు తెలిసిపోయింది. రవి కూడా ఆడటం లేదు. కర్ర నిలువుగా ఉందో లేదో చూపే నీటి బుడగ సరిగానే ఉంది. రెండు కొసల్లో పాత సర్వే రాళ్లు కదలకుండా ఉన్నాయి. పరికరంలో దోషం లేదు. మనుషుల్లో లేదు. ఇక మిగిలింది ఆకాశం.

అంతకు ముందు సెప్టెంబరు, అక్టోబరుల్లో అద్దంకి పక్కన నేను వాడిన రోవర్ కూడా పొద్దున బుద్ధిగా ఉండి మధ్యాహ్నం దాటాక మొండికేసింది. ఎందుకని వెతికితే తెలిసింది. సూర్యుడి నుంచి వచ్చే తీక్షణమైన కిరణాలు వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్న పల్చటి గాలిని చీల్చి, విద్యుత్తు నిండిన ఒక పొరగా మారుస్తాయి. దాని పేరు అయనోస్ఫియర్. ఉపగ్రహం సంకేతం ఆ పొరని దాటి వచ్చేటప్పుడు ఆలస్యమవుతుంది. సూర్యుడు సుమారు పదకొండేళ్లకి ఒకసారి రేగుతాడు. 2024 అలా రేగిన కాలం. అప్పుడా పొర చిక్కబడుతుంది. పైగా భూమి అయస్కాంత మధ్యరేఖ మన దేశం దక్షిణ కొస దగ్గర్నుంచి పోతుంది. పగలంతా ఆ రేఖ మీద ఈ పొర ఫౌంటెన్‌లా పైకి లేచి ఉత్తరానికీ దక్షిణానికీ ఒరుగుతుంది. పొద్దు గూకాక అడుగు నుంచి బుడగలు లేస్తాయి, మరిగే ఎసట్లో లేచినట్టు. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ ఇది మరీ ఎక్కువ. మన మిరప చేలు ఆ ఫౌంటెన్ దారిలోనే ఉన్నాయి.

రోవర్ ఒంటరిగా లెక్క చెయ్యదు. దూరాన ఎక్కడో స్థిరంగా పాతిన స్టేషన్ నుంచి సవరణలు అందుకుంటుంది. ఆ స్టేషన్ పైన ఉన్న ఆకాశమూ ఈ చేను పైన ఉన్న ఆకాశమూ ఒకటే అన్న నమ్మకం మీద లెక్కంతా నడుస్తుంది. ఆ రెండూ వేరైతే పరికరం తికమకపడి, ఒక్కోసారి తప్పుచోట నిలబడి ‘ఫిక్స్’ అంటుంది.

ఇదంతా నాకు తెలిసింది. కానీ తెలియడం వేరు, రెండు పక్షాల ముందు నిలబెట్టడం వేరు. సూర్యుడు గీత జరిపాడని చెబితే నా పప్పుచారు ఎవరింట్లోదని అడుగుతారు. చూపించాలి.

నేను సువార్తమ్మని అడిగాను. “అమ్మా, రేపు పొద్దుటి నుంచి పొద్దు గూకేదాకా ఈ పరికరాన్ని సమాధి పైన నిలబెడతాను. పలకని తాకదు. స్టాండు కాళ్లు నేల మీద ఉంటాయి. పైనుంచి శిలువ మధ్యకి సరిగ్గా గురి పెడతాను. నీకు ఇష్టమేనా?”

ఆమె పలక మీద పడ్డ మిరపాకులు చేత్తో ఊడ్చింది. “పెట్టండి. ఆయన కదలడు,” అంది.

బుధవారం తెల్లవారుతూనే బిగించాం. తెర మీద రెండు కొసల రాళ్లని కలిపే ఎర్ర గీత, దాని పక్కన శిలువని చూపే నల్ల చుక్క. చుక్క సువార్తమ్మ వైపు, గీతకి దూరంగా ఉంది. పొద్దున్నంతా రూపాయి బిళ్ల వెడల్పు దాటి ఎటూ పోలేదు. సుబ్బారావు వచ్చి చూశాడు, కల్లానికి పోయాడు, మళ్లీ వచ్చి చూశాడు.

“ఇందులో చూసేదేముంది మేడమ్? రాయి రాయిలాగే ఉంది,” అన్నాడు.

“సాయంత్రం దాకా ఉంటుందేమో చూద్దాం. ఈలోపు మీకు ఇంకొకటి చూపిస్తాను.”

నా పాత థియొడొలైట్ తెచ్చుకున్నాను. కోణాలు కొలిచే దుర్బిణి పరికరం అది. మేం ఉద్యోగంలో చేరిన కొత్తల్లో దానితో సూర్యుణ్ణి బట్టి దిక్కు కట్టేవాళ్లం. దుర్బిణిలోంచి సూర్యుణ్ణి చూస్తే కన్ను పోతుంది. ఆ మాట రెండుసార్లు గట్టిగా చెప్పాను. దుర్బిణిని సూర్యుడి వైపు తిప్పి, కన్ను పెట్టే కొస వెనకాల రెండడుగుల దూరంలో తెల్ల కాగితం పట్టుకోమని రవికి ఇచ్చాను. కాగితం మీద జానెడుకి కాస్త తక్కువలో వెలుగు గుండ్రం పడింది. దాని మీద నల్లటి మచ్చలు. ఒకచోట గుంపుగా నాలుగు, వాటిలో ఒకటి మిరపగింజంత.

సువార్తమ్మ వంగి, కాగితం మీద దుమ్మేమోనని కొంగుతో తుడిచింది. మచ్చ ఆమె కొంగు మీదికి వచ్చింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఇది కాగితం మీదది కాదా? సూర్యుడిదేనా?”

“సూర్యుడిదే. సూర్యుడు రేగిన ఏడు ఇలాంటి మచ్చలు ఎక్కువ.”

నాకు లెక్క చెప్పకపోతే తోచదు. సూర్యుడికి అడ్డంగా నూట తొమ్మిది భూములు పేర్చొచ్చు. కాగితం మీద గుండ్రం పదిహేను సెంటీమీటర్లు. భాగిస్తే మన భూమి ఒకటిన్నర మిల్లీమీటర్లకి లోపే. అంటే ఆవగింజ. మిరపగింజంత మచ్చలో రెండు ఆవగింజలు పక్కపక్కన పడతాయి.

కాయలు ఏరే ఆడవాళ్లు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఆ గుండ్రం మెల్లగా కాగితం మీంచి జారిపోతోంది. భూమి తిరగడం వల్లే అది జారుతోందని చెప్పాను. రవి కాగితాన్ని దాని వెంట జరుపుతున్నాడు. నలభై నాలుగేళ్లలో ఎన్నిసార్లు ఆ దుర్బిణిని సూర్యుడి వైపు తిప్పానో నా నోటు పుస్తకాల్లో లెక్క ఉంది. దిక్కు కోసం మాత్రమే తిప్పాను. మచ్చల్ని అడ్డం తగిలిన మరకల్లా చూశాను. ఆ రోజు మొదటిసారి వాటి కోసమే చూశాను. ఆ మచ్చల చుట్టూ ఏం మరుగుతోందో దాని వెలుగు ఎనిమిది నిమిషాలు ప్రయాణం చేసి వచ్చి ఈ పల్లె పొలంలో ఒక ముసలిదాని కాగితం మీద వాలింది. అదే వెలుగు పక్కన కల్లంలో కాయ ఎండబెడుతోంది.

“ఆవగింజ అన్నారు గదా భూమి,” అంది సువార్తమ్మ. “అందులో నా ఎకరన్నర ఎక్కడుందండీ?”

సుబ్బారావు అందుకున్నాడు. “నా పందులు యాడున్నాయో అది కూడా చూపియ్యండి మేడమ్. ఈ రాత్రికి కాపలా తప్పుద్ది.”

అందరూ నవ్వారు. ఒకే మాటకి ఆ ఇద్దరూ కలిసి నవ్వడం నేను వచ్చాక అదే మొదటిసారి.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. నేను నా డబ్బాలోది నేను తిన్నాను, అందరూ చూసేలా. మూడు దాటాక తెర మీద చుక్క వణకడం మొదలైంది. ఫిక్స్ పోయి ఫ్లోట్ వచ్చింది. మళ్లీ ఫిక్స్ వచ్చింది. చుక్క ఒక జాన ఉత్తరానికి పోయింది, ఆగింది, వెనక్కి రాబోయి ఇంకో పక్కకి జారింది. స్టాండు దగ్గర గాలి కూడా లేదు. సుబ్బారావు తనే వెళ్లి స్టాండు కాళ్లు చూసి వచ్చాడు. తర్వాత పలక అంచున చెయ్యి పెట్టి నొక్కి చూశాడు.

“గట్టిగానే ఉంది,” అన్నాడు, తనకు తానే చెప్పుకున్నట్టు.

ఎండ దిగే వేళకి కల్లం పని వదిలేసి పదిహేను మంది పోగయ్యారు. సరిగ్గా రవి రెండోసారి కొలిచిన వేళ అది. చుక్క గీత దగ్గరికి వచ్చింది. గీత మీదికి ఎక్కింది. దాటింది. పైన ‘ఫిక్స్’ అని పచ్చగా వెలుగుతూనే ఉంది.

“అదిగో, ఏసోబు నా చేలోకొచ్చాడు,” అన్నాడు సుబ్బారావు. పెద్ద గొంతు కదా, అందరికీ వినపడింది.

సువార్తమ్మ తెర వైపు చూడలేదు. పలక వైపు చూస్తోంది. “బతికున్నప్పుడు పిలిస్తే గాని మీ చేలో అడుగు పెట్టలేదండీ ఆయన. ఇప్పుడు పిలవకుండా వస్తాడా?”

సుబ్బారావు తల మీది తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

పొద్దు గూకింది. పడమట ఇంకా ఎరుపు ఉండగానే ఉపగ్రహాలు ఒక్కొక్కటే తెర మీంచి ఆరిపోసాగాయి. ఇరవై ఆరు కనబడుతున్నవి పద్దెనిమిదయ్యాయి, తర్వాత తొమ్మిది. ఆకాశంలో మబ్బు తునక లేదు. పైన అంతా ప్రశాంతంగా ఉంది, చుక్కలు పొడుస్తున్నాయి. కళ్లకి ఏమీ కనబడని ఆ చోట కొండలంత బుడగలు లేస్తున్నాయని ఆ తొమ్మిది అంకె చెబుతోంది. నేను జీవితమంతా నేలని కొలిచాను. నేలకీ నాకూ మధ్య ఇంత పెద్ద సముద్రం ఉందని, దానికి ఆటుపోట్లు ఉన్నాయని ఆ సాయంత్రం చూశాను. చేతులు జోడించబోయి, సర్వేయరుని కదా అని ఊరుకున్నాను. పక్కన సువార్తమ్మ కళ్లు మూసుకుని పెదవులు కదుపుతోంది.

రవి మెల్లగా అన్నాడు, “మేడమ్, నేను తప్పు కొలవలేదు కదా?”

“లేదు. నువ్వు సరిగ్గానే కొలిచావు. వేళ సరైంది కాదు.”

గురువారం పొద్దున్నే చుక్క మొదటి చోటుకి వచ్చి కూర్చుంది. ఏమీ ఎరగనట్టు. అయినా నాకు ఒక కొలత చాలదు, వేరే దారిలో రెండోది కావాలి. మా పాత దారి గొలుసు. ఈ కొస రాయి నుంచి ఆ కొస రాయి దాకా తిన్నగా గొలుసు లాగి, ఎఫ్‌ఎంబీతో సరిచూడటం. ఎఫ్‌ఎంబీ అంటే ప్రతి సర్వే నంబరుకీ గీసి ఉన్న కొలతల పటం. దానికి ఆకాశంతో పని లేదు. కానీ గొలుసు పోవాల్సిన దారిలో సుబ్బారావు మిరప సాళ్లున్నాయి. చెట్టు నిండా పండు కాయ. కాయ మీదున్న చేలో గొలుసు లాగనివ్వమని ఈ ప్రాంతంలో నేనెవర్నీ అడగను. అడిగితే ఇచ్చినవాళ్లు కూడా లేరు. రవి రోవర్ తెచ్చింది కూడా అందుకే.

నేను అడగలేదు. సుబ్బారావే వచ్చి గొలుసు కొస చేతికి తీసుకున్నాడు.

“కాయ రాలుద్ది సుబ్బారావు గారూ,” అన్నాను.

“రాలితే ఏరుకుంటాం. లాగండి మేడమ్.” వెనక్కి తిరిగి కేకేశాడు. “ఏమ్మే, ఇట్టా వచ్చి చెట్లు పక్కకి వంచి పట్టుకోండి. సువార్తమ్మా, నువ్వు ముందు పట్టు. నీకు చెట్టు విరగకుండా వంచడం తెలుసు.”

ఆడవాళ్లు వరసగా వంగి చెట్లని ఒడుపుగా అటూ ఇటూ ఒత్తి పట్టుకుంటే, మధ్యలో పాపిడిలా సన్నటి దారి తెరుచుకుంది. గొలుసు అందులోంచి పోయింది. రోవర్ పొద్దుటి గీతకీ గొలుసు గీతకీ మధ్య తేడా నా బొటనవేలి వెడల్పు. సమాధి మొత్తం సువార్తమ్మ పొలంలోనే ఉంది. మధ్యలో అడుగుంపావు ఖాళీ కూడా ఉంది.

శుక్రవారం మిషను వచ్చింది. స్తంభాలు ఆ గీత మీద పడ్డాయి. సమాధి ఎదురుగా వచ్చే స్తంభాన్ని సుబ్బారావు కొంచెం తన వైపుకే పాతించాడని రవి తర్వాత చెప్పాడు. ఎంత అని అడిగాను. కొలవలేదన్నాడు. అది కొలవాల్సిన పని లేదులే అన్నాను.

ఈ కేసు తర్వాత నేను రెండు అలవాట్లు మార్చుకున్నాను. ప్రతి కొలత పక్కనా తేదీతో పాటు వేళ కూడా రాస్తాను. సూర్యుడు రేగిన ఏళ్లలో మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యాహ్నం దాటాక రోవర్‌తో గీత తేల్చను. ఎండ దిగాక తీరిగ్గా రమ్మనేవాళ్లకి, ఎండ దిగడం మన ఒంటికే గాని ఆకాశానికి కాదని చెబుతాను. రాయి ఎక్కడుందో అడిగే ముందు సూర్యుడు ఎలా ఉన్నాడో అడగాలని నాకు నేర్పింది ఆ నల్లరాతి పలకే.

ఆ ఏడు మే నెలలో పెద్ద సౌర తుపాను వచ్చింది. ఎక్కడో ఉత్తరాన లడఖ్‌లో కూడా ఆకాశం ఎర్రబడిందని పేపర్లో ఫోటో వేశారు. ఆ వార్త వచ్చినప్పుడు సువార్తమ్మ ఫోన్ చేసింది. నంబరు రవిని అడిగి తీసుకుందట.

“మేడమ్ గారూ, మన సూర్యుడు మళ్లీ రేగాడంట గదా. పేపర్లో పడిందంట. చర్చిలో చెప్పుకుంటన్నారు.”

“అవునమ్మా. మనం చూసినదానికంటే చాలా పెద్దది.”

ఫోన్‌లో ఆమె వెనక ఎక్కడో కోడి అరుస్తోంది.

“మరి ఆయన ఎటూ పోలేదు గదండీ?”

“లేదమ్మా. ఉన్నచోటే ఉన్నాడు.”

“అంతేలెండి,” అంది. “పొద్దున్నే పోయి పలక మీద చెయ్యి పెట్టి చూశాన్లెండి. మీరు కూడా ఒక మాట అంటే బాగుంటదని చేశాను.”